ఇంజనీరింగ్ మేనేజర్ ఇంటర్వ్యూలో అసలు కొలిచేది ఏమిటి?

సంక్షిప్తంగా: సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంజనీరింగ్ మేనేజర్ పనికి సొంతంగా చూపించుకునే వస్తువు ఉండదు. దాని ఫలితం ఇతరుల పనిలో, అదీ ఆలస్యంగా కనిపిస్తుంది. అందుకే ఈ ఉద్యోగానికి జరిగే ఇంటర్వ్యూలు పనిని నేరుగా పరీక్షించలేక, గతంలో తీసుకున్న నిర్ణయాల కథనాన్ని పరీక్షిస్తాయి. 2022 చివరి నుంచి కంపెనీలు మేనేజర్ల అంచెలను కుదించడంతో ఆ పరీక్ష మరింత కఠినమైంది.

పదేళ్లు కోడ్ రాసి, నాలుగైదేళ్లు బృందాన్ని నడిపినవారు కూడా మరో కంపెనీలో మేనేజర్ ఉద్యోగానికి ప్రయత్నించి వెనుదిరగడం సాఫ్ట్‌వేర్ రంగంలో మామూలే. ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పారు, మాటలు సాఫీగా సాగాయి, అయినా చివరికి ‘మరింత లోతు కావాలి’ అన్న ఒక్క వాక్యమే చేతికి వస్తుంది. ఇంజనీరుగా ఇంటర్వ్యూకు వెళ్లిన రోజుల్లో ఎక్కడ తప్పిందో కనీసం ఊహకు అందేది. ఇచ్చిన సమస్య తెగలేదు, లేదా సమయం చాలలేదు. మేనేజర్ ఇంటర్వ్యూలో ఆ ఆనవాలు కూడా దొరకదు. ఇందుకు కారణాన్ని అభ్యర్థిలోనో, ఎదుట కూర్చున్నవారిలోనో వెతకడం కంటే ఆ ఉద్యోగ స్వభావంలో వెతకడం మేలు.

ఒకే పేరు, వేరువేరు కొలువులు

ప్రకటనలో ‘ఇంజనీరింగ్ మేనేజర్’ అని ఒకే మాట ఉంటుంది. లోపలి పని మాత్రం కంపెనీని బట్టి మారిపోతుంది. నలుగురైదుగురున్న బృందంలో మేనేజర్ సగం రోజు కోడ్ రాస్తూ, మిగతా సగం మనుషుల సంగతి చూస్తారు. చాలాచోట్ల ఈ కొలువును ‘టెక్ లీడ్ మేనేజర్’ అంటారు. ఎనిమిది, పది మంది ఉన్నచోట కోడ్ రాయడం దాదాపు ఆగిపోతుంది. నియామకాలు, అప్రైజళ్లు, ఏది తయారు చేయాలో తేల్చే ప్రోడక్ట్ మేనేజర్‌తో ప్రాధాన్యాల మీద బేరాలు, పక్క బృందాల నుంచి రావలసిన పనుల వెంట తిరగడం, వీటికే రోజు సరిపోతుంది. మేనేజర్లకు మేనేజర్‌గా ఉండేవారి సంగతి మరీ వేరు. బృందం ఎలా ఉందో వారు తమ కళ్లతో చూడలేరు. ఇతరులు చెప్పినదాన్ని బట్టి, చెప్పకుండా వదిలేసినదాన్ని బట్టి తెలుసుకోవాలి.

ఇంటర్వ్యూలో జరిగే మొదటి తప్పు ఇక్కడే. మొదటి రకం కొలువుకు అలవాటుపడిన అభ్యర్థి డేటాబేస్ ఎంపిక గురించి అరగంట ఉత్సాహంగా చెబుతారు. ఎదుటివారు మాత్రం ఒకరితో ఒకరికి పడని ఇద్దరు సీనియర్ ఇంజనీర్లను ఎలా దారికి తెచ్చారో వినాలని చూస్తుంటారు. ఎంతమంది నేరుగా రిపోర్ట్ చేస్తారు, కోడ్ రాయడం ఆశిస్తున్నారా అన్న రెండు ప్రశ్నలను రిక్రూటర్‌తో మాట్లాడే మొదటి ఫోనులోనే అడిగితే సిద్ధం కావలసిన దిశ తేలిపోతుంది. చాలామంది ఈ చిన్న పనిని మొహమాటం కొద్దీ వదిలేస్తారు.

ఫలితం ఇతరుల చేతుల్లో

ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో మేనేజర్ పనికి ఒక నిర్వచనం ఇచ్చారు. మేనేజర్ ఉత్పత్తి అంటే తన బృందం ఉత్పత్తి, తన ప్రభావం పడే చుట్టుపక్కల బృందాల ఉత్పత్తి, ఈ రెండూ కలిపి అని దాని సారం. నలభై ఏళ్లు దాటినా ఇంతకంటే సూటి నిర్వచనం రాలేదు. కాని ఇంటర్వ్యూ చేసేవారికి అది పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. బృందం ఇచ్చిన ఫలితంలో మేనేజర్ వాటా ఎంత అన్నది విడదీసి చూపడం కష్టం. మంచి మేనేజర్ పనిలో కొంత భాగం జరగని సంగతుల్లోనే ఉంటుంది. రాజీనామా ఇవ్వబోయి ఆగిన ఇంజనీరు, మూడు నెలల ముందే ఆపేసిన వ్యర్థ ప్రాజెక్టు, ఒప్పుకోకుండా వెనక్కి పంపిన అసాధ్యపు గడువు, ఇవేవీ రెజ్యూమెలో అంకెలుగా నిలబడవు.

కాలం మరో అడ్డంకి. ఈ రోజు చేసిన నియామకం మంచిదో కాదో ఏడాది తర్వాత కాని తెలియదు. అప్పటికి ఆ మేనేజర్ వేరే బృందానికో, వేరే కంపెనీకో మారిపోయి ఉండవచ్చు.

పైగా మనుషుల్ని పెంచినంత మాత్రాన పని పెరగదు. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు కొత్తవారిని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని 1975లో రాశారు. కారణాల్లో ఒకటి తేలిక లెక్కే. ఐదుగురి మధ్య జంటగా ఏర్పడే సంభాషణ దారులు 10. పది మంది మధ్య అవి 45. బృందం రెట్టింపైతే మాట్లాడుకోవలసిన దారులు నాలుగున్నర రెట్లవుతాయి. మేనేజర్ ఉద్యోగంలో పెద్ద భాగం ఈ 45 దారుల్లో ఏవి తెరిచి ఉంచాలో, ఏవి మూసేయాలో తేల్చడమే. ‘గడువు దగ్గరపడింది, పని వెనుకబడింది, ఏం చేస్తారు?’ అన్న పాత ప్రశ్న నేటికీ ఇంటర్వ్యూల్లో వస్తుందంటే కారణం ఇదే. ‘ఇంకో ఇద్దరిని అడుగుతాను’ అన్న జవాబు సాధారణంగా అక్కడే ఓడిపోతుంది. ఏ భాగాన్ని తగ్గిస్తారో, ఆ సంగతి ఎవరితో ముందుగా చెబుతారో వివరించిన జవాబుకు విలువ ఎక్కువ.

మేనేజర్లు లేకుండా నడవగలమా?

ఈ ఉద్యోగం అవసరమేనా అన్న సందేహం సాఫ్ట్‌వేర్ రంగంలో పాతదే. 2002లో గూగుల్ తన ఇంజనీరింగ్ విభాగంలో మేనేజర్ల అంచెను తీసేసి చూసింది. కొద్ది నెలలకే వెనక్కి తగ్గవలసి వచ్చింది. ఖర్చుల ఆమోదం మొదలుకొని మనుషుల మధ్య తగవుల వరకు అన్నీ నేరుగా కంపెనీ సహ వ్యవస్థాపకుడు లారీ పేజ్ వద్దకే చేరడం మొదలైంది. మేనేజర్లు మోసే భారం ఎంతో వారు లేనప్పుడు తెలిసింది.

అదే కంపెనీ 2008 ప్రాంతంలో ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో లోపలి అధ్యయనం చేపట్టి, మేనేజర్ బాగుంటే బృందంలో తేడా ఉంటుందా అని తన సొంత సమాచారంతో చూసింది. ఉంటుందని తేలింది. మంచి మేనేజర్లలో కనిపించిన ఎనిమిది అలవాట్లను వరుసలో పెడితే, ఎదుటివారికి శిక్షకుడిలా తోడ్పడటం మొదట నిలిచింది. బృందానికి సలహా ఇవ్వగల సాంకేతిక నైపుణ్యం ఎనిమిదో స్థానంలో వచ్చింది. 2018లో ఆ జాబితా పదికి పెరిగింది.

ఈ ఎనిమిదో స్థానాన్ని చాలామంది అపార్థం చేసుకున్నారు. సాంకేతిక జ్ఞానం అక్కర్లేదని దాని అర్థం కాదు. ఆ అధ్యయనంలో ఉన్న ఇంజనీరింగ్ మేనేజర్లు అప్పటికే కఠినమైన సాంకేతిక వడపోత దాటి వచ్చినవారు. అందరికీ ఉన్న లక్షణం ఒకరిని మరొకరి నుంచి వేరు చేయదు, అంతే. ఈత రానివారిని తీసేశాక మిగిలినవారి మధ్య పోటీ వేగంలో జరిగినట్టు, ఇక్కడ తేడా మనుషులతో మెలిగే తీరులో బయటపడింది. ఈ చిన్న వివరం పట్టుకుంటే మేనేజర్ ఇంటర్వ్యూలో కోడింగ్ రౌండు ఎందుకు ఉంటుందో కూడా అర్థమవుతుంది. దాని పని ఎంపిక చేయడం కాదు, వడపోయడం.

ఉత్తమ ఇంజనీరే ఉత్తమ మేనేజరా?

పదోన్నతి విషయంలో కంపెనీలు చేసే పొరపాటుకు గట్టి ఆధారం మరో రంగం నుంచి వచ్చింది. అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ అనే ఆర్థికవేత్తలు 131 అమెరికా కంపెనీల సేల్స్ సిబ్బంది వివరాలను విశ్లేషించి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ అమ్మినవారికే మేనేజర్ పదవి దక్కే అవకాశం ఎక్కువ. కాని అలా పైకి వెళ్లినవారి కింద పనిచేసేవారి ఫలితాలు తగ్గాయి. అమ్మకాలను ఇతరులతో పంచుకుని పనిచేసిన అనుభవం ఉన్నవారు మాత్రం మేనేజర్లుగా మెరుగ్గా రాణించారు.

సేల్స్ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. అయినా జరిగే తీరు దగ్గరగానే ఉంటుంది. బృందంలో అందరికంటే వేగంగా కోడ్ రాసేవారిని మేనేజర్ చేస్తే, బృందం తన మెరుగైన ఇంజనీరును కోల్పోతుంది, ప్రతి క్లిష్ట సమస్యనూ తానే తీసుకునే మేనేజర్‌ను పొందుతుంది. ఈ నష్టాన్ని తప్పించడానికే అనేక కంపెనీలు రెండు నిచ్చెనలు పెట్టాయి. ఒకదానిపై స్టాఫ్ ఇంజనీర్, ప్రిన్సిపల్ ఇంజనీర్ వంటి హోదాలు, రెండోదానిపై మేనేజర్, డైరెక్టర్ హోదాలు. జీతం కోసం మేనేజర్ కావలసిన అవసరం లేకుండా చేయడం దీని ఉద్దేశం. అందుకే ‘మేనేజర్ ఎందుకు కావాలనుకుంటున్నారు?’ అన్న ప్రశ్న మర్యాదకు అడిగేది కాదు. ‘తర్వాతి మెట్టు అదే కదా’ అన్న ధోరణి వినిపిస్తే, పక్కనే ఇంకో నిచ్చెన ఉన్న కంపెనీకి అది సమాధానంగా తోచదు.

ఒక్కో రౌండు వెనుక ఉన్న ఉద్దేశం

పెద్ద కంపెనీల్లో సాధారణంగా నాలుగు నుంచి ఆరు రౌండ్లు ఉంటాయి. మనుషుల నిర్వహణ, ప్రాజెక్టు నిర్వహణ, సిస్టమ్ డిజైన్ (ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థ నిర్మాణాన్ని బొమ్మ గీసి వివరించడం), ఇతర విభాగాలతో సమన్వయం, కొన్నిచోట్ల కోడింగ్, చివరగా డైరెక్టర్‌తో సంభాషణ. వీటిలో ఎక్కువమంది తడబడేది మొదటిదాంట్లో. అక్కడ సరైన జవాబు అనేది లేదు కాబట్టి సిద్ధం కానవసరం లేదని వారు అనుకుంటారు.

పనితీరు బాగాలేని వ్యక్తి గురించి అడిగే ప్రశ్నను తీసుకుందాం. ‘అతనితో మాట్లాడాను, సాయం చేశాను, మెరుగుపడ్డాడు’ అన్న జవాబులో తప్పు లేదు, కాని దాన్ని ఎవరైనా చెప్పగలరు. వినేవారు వెతికే వివరాలు వేరే ఉన్నాయి. సమస్య ఉందని మొదట ఎలా తెలిసింది? ఎన్ని వారాల తర్వాత మాట్లాడారు? ఆలస్యం చేస్తే ఎందుకు చేశారు? ఏ మాటలతో చెప్పారు? అవతలి వ్యక్తి ఒప్పుకున్నారా? ఆ మధ్యకాలంలో మిగతా బృందం మీద పడిన భారాన్ని ఎలా సర్దారు? హెచ్.ఆర్. విభాగాన్ని ఎప్పుడు కలుపుకున్నారు? చివరికి ఆ వ్యక్తి వెళ్లిపోయినా జవాబుకు నష్టం లేదు. నిజానికి సుఖాంతం కాని కథకే ఎక్కువ నమ్మకం దక్కుతుంది, ఎందుకంటే అందులో ఏ ఘట్టంలో ఏమి తేల్చుకున్నారో కనిపిస్తుంది. ‘లోతు’ అనే మాటకు ఇంటర్వ్యూల్లో ఉన్న అర్థం ఇదే. మూడో ప్రశ్నకూ, నాలుగో ప్రశ్నకూ కథ నిలబడాలి.

ఇక్కడ భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. మంచి మేనేజర్లకు విజయాన్ని ‘మేము చేశాం’ అని చెప్పడం అలవాటు. పనిచేసే చోట అది సుగుణమే. ఇంటర్వ్యూలో మాత్రం ఆ ‘మేము’ వెనుక అభ్యర్థి మాయమైపోతారు. ‘నేను చేశాను’ అంటే బృందం కష్టాన్ని కాజేసినట్టు అనిపిస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న దారి, పనిని ఇతరులకూ నిర్ణయాన్ని తనకూ విడదీసి చెప్పడం. ‘డిజైన్ ఫలానా ఇంజనీరు చేశారు. దాన్ని రెండు దశలుగా విడగొట్టాలన్నది నా నిర్ణయం, అందుకు కారణం ఇది’ అన్నప్పుడు ఎవరి వాటా ఎంతో తేటగా కనిపిస్తుంది.

సిస్టమ్ డిజైన్ రౌండులో బొమ్మ గీయడం ఇంజనీర్లకు, మేనేజర్లకు ఒకటే. వినేవారి చెవి మాత్రం వేరే చోట ఉంటుంది. ఖర్చు ఎంత, అర్ధరాత్రి ఇది ఆగిపోతే ఎవరు లేస్తారు, మొదటి రిలీజ్‌లో ఏది వదిలేయవచ్చు, దీన్ని ఎన్ని బృందాలు పంచుకుంటాయి అన్న ఆలోచన మేనేజర్ నుంచి రావాలి. ఒక సంస్థ తయారు చేసే వ్యవస్థ ఆ సంస్థలోని సంభాషణల ఆకారాన్నే పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లో చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. మూడు బృందాలు ఉన్నచోట డిజైన్ మూడు ముక్కలుగానే వస్తుంది. ఆ సంగతి ముందే గ్రహించి, ముక్కల సరిహద్దులకు తగినట్టు బృందాలను కూర్చడం మేనేజర్ చేతిలో ఉన్న పని.

బృందం పనితీరును ఎలా కొలుస్తారన్న ప్రశ్నకు మార్పులు ఎంత తరచుగా విడుదలవుతున్నాయి, రాసిన కోడ్ వినియోగదారుకు చేరడానికి ఎంతకాలం పడుతోంది, ఎన్ని మార్పులు విఫలమవుతున్నాయి, వైఫల్యం నుంచి ఎంతసేపట్లో కోలుకుంటున్నారు అన్న నాలుగు కొలతలు ఇప్పుడు అందరూ చెబుతున్నారు. వాటి పేర్లు అప్పజెప్పడంతో సరిపోదు. ఏ కొలతైనా లక్ష్యంగా మారిన రోజు నుంచి దాన్ని మాయ చేసే దారులు పుడతాయి. ఆ దారులు తెలిసినవారే ఆ కొలతలతో పనిచేసినవారని అనుభవజ్ఞులు ఇట్టే గుర్తుపడతారు.

ఇంటర్వ్యూ ఎంతవరకు నిజం చెబుతుంది?

నియామక పద్ధతుల మీద 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ చేసిన సమగ్ర విశ్లేషణ ఈ రంగంలో చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న ప్రమాణాలతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు, తర్వాతి పనితీరుకు మధ్య సహసంబంధం (ఏ పొంతనా లేకుంటే 0, పూర్తిగా సరిపోతే 1) 0.51 అని, విడివిడిగా తోచినట్టు సాగే ఇంటర్వ్యూకు 0.38 అని అది లెక్కగట్టింది. 2022లో పాల్ సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కలను సరిదిద్దారు. మొదటిది 0.42కు, రెండోది 0.19కు తగ్గాయి. పద్ధతి ప్రకారం సాగే ఇంటర్వ్యూ అప్పటికీ మిగతా సాధనాలన్నిటి కంటే ముందే నిలిచింది.

ఈ 0.42 అంటే ఏమిటో చూడాలి. దాన్ని వర్గం చేస్తే దాదాపు 0.18 వస్తుంది. ఉద్యోగుల పనితీరులో కనిపించే తేడాల్లో ఐదో వంతు కంటే తక్కువ భాగాన్నే ఉత్తమమైన ఇంటర్వ్యూ కూడా ముందుగా పసిగట్టగలదన్న మాట. పెద్ద కంపెనీలు ఒకే తరహా ప్రశ్నలను పట్టుకుని వేలాడటానికి, అభ్యర్థులకు అది యాంత్రికంగా తోచినా మార్చకపోవడానికి కారణం ఈ అంకెల్లో ఉంది. తిరస్కరణను తన సామర్థ్యంపై తుది తీర్పుగా భావించి కుంగిపోయే అభ్యర్థికీ ఇవే అంకెలు ఊరటనివ్వాలి.

ఉద్యోగంలో ఉండి ఇంటర్వ్యూలో లేనివీ ఉన్నాయి. అప్రైజల్ కాలంలో మేనేజర్లందరూ కూర్చుని ఎవరి బృందంలో ఎవరికి ఏ రేటింగ్ ఇవ్వాలో వాదించుకునే సమావేశం అలాంటిది. నిర్ణీత నిష్పత్తిలో ఉద్యోగులను పైకీ కిందికీ విభజించే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. పేర్లు మారినా ఈ తరహా బేరీజు చాలా కంపెనీల్లో కొనసాగుతోంది. ఏడాది పొడవునా ఆధారాలు రాసిపెట్టుకోని మేనేజర్ ఆ గదిలో మౌనంగా ఉండిపోతే, నష్టపోయేది ఆ గదిలో లేని ఇంజనీరు. ఇంత బరువైన పనిని పరీక్షించే రౌండు మాత్రం అరుదు.

అంచెలు తగ్గడంతో వచ్చిన మార్పు

2022లో వడ్డీ రేట్లు పెరిగి, కరోనా కాలపు గిరాకీ సద్దుమణగడంతో టెక్ కంపెనీలు ఖర్చుల వైపు చూశాయి. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2022 నవంబరులో 11 వేల మందిని, 2023 మార్చిలో మరో 10 వేల ఉద్యోగాలను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. రెండో విడతలో దాని అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ మేనేజర్ల అంచెలను తొలగించి, అనేకమంది మేనేజర్లను తిరిగి ఇంజనీర్లుగా పనిచేయమంటామని చెప్పారు. 2024 సెప్టెంబరులో అమెజాన్ అధిపతి ఆండీ జస్సీ, మేనేజర్లతో పోలిస్తే ఇతర ఉద్యోగుల నిష్పత్తిని 2025 మొదటి త్రైమాసికం ముగిసేలోగా కనీసం 15 శాతం పెంచాలని ఆదేశించారు.

పదిహేను శాతం అంటే వినడానికి చిన్నదే. మేనేజర్‌కు ఆరుగురు ఉన్నచోట అది ఏడుగురవడం. వారానికి తలా అరగంట చొప్పున విడిగా మాట్లాడే ‘వన్ ఆన్ వన్’ సమావేశాలకు ఆరుగురికి మూడు గంటలు సరిపోతాయి. అంచెలు కుదించి ఆ సంఖ్య పన్నెండుకు చేరితే ఆరు గంటలు. దానికి అప్రైజల్ రాతలు, నియామకాలు కూడా రెట్టింపు. ఎక్కువమందిని చూడగలరని చెప్పడానికి 2024 ప్రాంతంలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్‌కు దాదాపు 60 మంది నేరుగా రిపోర్ట్ చేయడాన్ని ఉదాహరణగా చూపుతుంటారు. ఆయన వారితో విడివిడి సమావేశాలు పెట్టుకునేవారు కాదు. కాని ఆ 60 మంది సొంతంగా విభాగాలను నడిపే అనుభవజ్ఞులు. నిన్నమొన్న చేరిన ఇంజనీర్లున్న మొదటి అంచె మేనేజర్‌కు ఆ పోలిక నప్పదు.

ఈ ఒత్తిడి ఇంటర్వ్యూల్లో రెండు విధాలుగా కనిపిస్తోంది. మొదటిది, స్వయంగా సాంకేతిక పని చేయగలరా అన్న పరిశీలన పెరిగింది. కోడ్ చదివి లోపం పట్టుకోవడం, డిజైన్ పత్రాన్ని విమర్శించడం వంటివి అడుగుతున్నారు. కృత్రిమ మేధ సాధనాలతో కోడ్ రాయడం తేలికైన కొద్దీ సమీక్షించవలసిన కోడ్ పెరుగుతుంది కాబట్టి ఈ ధోరణి ఇంకా బలపడవచ్చు. రెండోది, ఖాళీలు తగ్గి, ఇంటర్వ్యూ వరకు వచ్చేవారిలో అనుభవజ్ఞులు పెరగడంతో కొత్తగా మేనేజర్ కావాలనుకునేవారికి బయటి తలుపు ఇరుకైంది. మేనేజర్‌గా మొదటి అవకాశం ఇప్పుడు ఎక్కువగా సొంత కంపెనీలోనే, ఒక ఇంటర్న్‌ను చూసుకోవడంతోనో, సెలవులో ఉన్న మేనేజర్ స్థానంలో కొన్ని నెలలు నిలబడటంతోనో మొదలవుతుంది.

అభ్యర్థి అడగవలసినవి

ప్రతి రౌండు చివర ఐదు నిమిషాలు అభ్యర్థి ప్రశ్నల కోసం వదులుతారు. చాలామంది దాన్ని కంపెనీ సంస్కృతి గురించిన పొడి ప్రశ్నతో ముగిస్తారు. మేనేజర్ ఉద్యోగంలో ఆ ఐదు నిమిషాలకు ఉన్న విలువ ఇంజనీరు ఉద్యోగంలో ఉన్నదాని కంటే ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ బాధ్యతకు, అధికారానికి మధ్య దూరం ఎంతో బయటి నుంచి కనిపించదు. గడువుకు జవాబు చెప్పాల్సింది మేనేజరే అయినా, కొత్తవారిని తీసుకునే హక్కు, ప్రాధాన్యం మార్చే హక్కు, రేటింగ్‌పై చివరి మాట మరొకరి దగ్గర ఉండవచ్చు. నియామకాల సంఖ్యను ఎవరు నిర్ణయిస్తారు, గత ఆరు నెలల్లో ఆన్‌కాల్‌లో (వ్యవస్థ ఆగిపోతే వెంటనే స్పందించే విధిలో) ఉన్నవారు రాత్రిపూట ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది, ప్రోడక్ట్ మేనేజర్‌తో అభిప్రాయ భేదం వస్తే ఎక్కడ తేలుతుంది అన్నవి ఆ దూరాన్ని కొలిచే ప్రశ్నలు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది మాత్రం, ఈ స్థానం ఎందుకు ఖాళీ అయింది అన్న ప్రశ్న. బృందం పెరిగి రెండుగా చీలిందంటే దారి సుగమం. పాత మేనేజర్ తిరిగి ఇంజనీరుగా అదే కంపెనీలో కొనసాగుతున్నారంటే, వెనక్కి వెళ్లే దారి అక్కడ మూసుకోలేదని తెలుస్తుంది. ఏడాదిన్నరలో ముగ్గురు మారారంటే వారిలో ఒకరితోనైనా మాట్లాడే వీలుందా అని అడగడంలో తప్పు లేదు. ఆ కోరికను కంపెనీ ఎలా తీసుకుంటుందో చూస్తే, చేరాక చేదు వార్త పైకి చెప్పవలసిన రోజున దాన్ని ఎలా వింటారో ముందే అంచనా దొరుకుతుంది.